మొదటిసారే పనిచేస్తే

ఓవెన్ ప్రిచర్డ్ ఏడుస్తున్నాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని కౌంటీ అంతా చెప్పుకునే డిటెక్టివ్ నోరీన్ టీగ్ ఎదురుగా కూర్చుని ఆ ఏడుపును కాసేపు జాగ్రత్తగా చూసింది. దొంగ ఏడుపు ఏడ్చేవాళ్లు మధ్యమధ్యలో ఎదుటివాళ్ల ముఖం చూస్తారు. ఇతను చూడటం లేదు. ముక్కు కారుతున్నా తుడుచుకోవడం లేదు. ఇది నిజం ఏడుపేనని తేల్చుకుని, కాగితం రుమాళ్ల పెట్టె అతని ముందుకు జరిపింది.

"ఎడ్విన్ లోమాక్స్ మీకు ఎన్నాళ్లుగా తెలుసు?"

"ఎనిమిదేళ్లు."

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"చూడలేదు."

"ఈ మధ్య చూడలేదా?"

"ఎప్పుడూ చూడలేదు మేడమ్. ఒక్కసారి కూడా."

నోరీన్ పెన్ను కింద పెట్టింది. "మీరుండేది పోర్ట్‌లాండ్. గంటన్నర దారి. ఎనిమిదేళ్లు కలిసి పనిచేసి ఒక్కసారీ కలవలేదా?"

"ప్రోగ్రాములు రాసే మావాళ్లలో ఇది మామూలే. ఆయన గొంతు ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. కానీ ఏ మాట దగ్గర చిరాకు పడతాడో తెలుసు. కామా ఎక్కడ పెడతాడో తెలుసు. వంద మంది రాసిన ప్రోగ్రాములు కలిపేసి ఇస్తే ఆయనది ఏదో వాసన చూసి చెప్పగలను."

నోరీన్‌కు తన మాజీ మొగుడు గుర్తొచ్చాడు. పందొమ్మిదేళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఆమె కాఫీలో పంచదార వేసుకోదన్న సంగతి తెలియకుండానే వెళ్లిపోయాడా మహానుభావుడు. ఆ లెక్కన వీళ్ల స్నేహమే నయమనిపించింది.

కేసు చూడబోతే చాలా చిన్నది. ఎడ్విన్ లోమాక్స్‌కు నలభై తొమ్మిదేళ్లు. పెళ్లి లేదు. ఊరి బయట వాగు పక్కన ఒంటరిగా ఉండేవాడు. ఆదివారం రాత్రి తన బల్ల ముందు కుర్చీలోనే పోయాడు. సోమవారం ఉత్తరాలు తెచ్చిన మనిషి కిటికీలోంచి చూసి ఫోన్ చేసింది. కాఫీలో నిద్రమాత్రలు దొరికాయి. కంప్యూటర్ తెర మీద రెండు ముక్కలున్నాయి: 'అలిసిపోయాను. క్షమించండి.' తను అలిసిపోయానని అతను నెల కిందట కూడా పదిమందికీ తెలిసేలా రాసుకున్నాడు. ఇంకేముంది, ఆత్మహత్యే అన్నారు రాష్ట్ర పోలీసులు. ఇవాళ, బుధవారం, సాయంత్రం ఐదింటికి ఫైలు మూసేస్తామన్నారు.

కాదన్నది నోరీన్ ఒక్కతే. ఆమె దగ్గరున్న సాక్ష్యం, చెప్పుకుంటే నవ్విపోతారు గానీ, ఒక గిన్నెడు బీన్స్. ఎడ్విన్ వంటింట్లో బీన్స్ నానబోసి ఉన్నాయి. తెల్లారితే తినేవాడే నానబోస్తాడు గానీ చచ్చేవాడు ఎందుకు నానబోస్తాడని ఆమె వాదన.

"మీరిద్దరూ చూసుకునే ఈ ఫెర్రీ ప్రోగ్రాము ఏంటో నాకర్థమయ్యేలా చెప్పండి," అంది.

ఓవెన్ ముఖం తుడుచుకున్నాడు. "మీ కారులో చిన్న తెర ఉంటుంది కదా. ఎవరైనా ఆపదలో 911కి ఫోన్ చేస్తే అడ్రసు దాని మీదికొచ్చి కిచ్‌మంటుంది."

"అంటుంది. రోజంతా అంటూనే ఉంటుంది."

"ఆ కబురును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మోసేది ఫెర్రీ. అంబులెన్సులు, ఆసుపత్రులు, అగ్నిమాపక దళాలు, సగం దేశం దాని మీదే నడుస్తోంది. రాసింది ఎడ్విన్. ఊరికే ఇచ్చేశాడు. వాడుకునేవాళ్లు లక్షలమంది ఉంటే చూసుకునేవాళ్లం ఇద్దరమే. ఆయనా, నేనూ."

"ఇద్దరే?"

"అందుకే అలిసిపోయాడు. పొద్దున లేస్తే తిట్లు. అది పనిచెయ్యలేదు, ఇది పనిచెయ్యలేదని. పనిచేసిన రోజున ఒక్కడూ ఉత్తరం ముక్క రాయడు." ఓవెన్ అదోలా నవ్వాడు. "అదే ఆయనకి భయం కూడా. 'మొదటిసారే పనిచేస్తే భయపడు' అనేవాడు."

"పనిచేస్తే భయమెందుకు?"

"మా పనిలో ఏదీ మొదటిసారి పనిచెయ్యదు మేడమ్. చేసిందంటే ఏదో చూడకుండా వదిలేశామన్నమాట. పనిచెయ్యకపోతే ఎందుకని అందరూ అడుగుతారు. పనిచేస్తే ఎవడూ అడగడు. తప్పులన్నీ అక్కడే కాపురం పెడతాయనేవాడు."

నోరీన్‌కు ఈ చనిపోయిన మనిషి నచ్చడం మొదలైంది. బతికుండగా నచ్చే మనుషులు ఆమెకు తక్కువ.

"మీ ఇద్దరి మధ్యా గొడవలేం లేవా?"

"రోజూ ఉండేవి. మాకో కట్టుబాటుంది. ఒకడు రాసింది రెండోవాడు చదివి 'బాగుంది' అనాలి. ఆ మాట పడితేనే ఆ రాత ఫెర్రీ లోపలికి పోతుంది. ఎవడి రాతకి వాడే 'బాగుంది' అనుకోకూడదు. ఎడ్విన్ దగ్గర ఆ మాట రాబట్టాలంటే రాతిలోంచి నార తియ్యడమే. నా ఆఖరి మార్పుని పదిసార్లు తిప్పికొట్టాడు. ఆదివారం సాయంత్రం చివరికి 'బాగుంది' అన్నాడు. ఆ మాటే..." ఓవెన్ పెట్టెలోంచి ఇంకో రుమాలు లాగాడు. "ఆ మాటే ఆఖరిది."

ముక్కు తుడుచుకుని తనే చెప్పాడు. "ఆయన దగ్గరో రబ్బరు బాతుండేది. తప్పెక్కడుందో దొరక్కపోతే ఆ బాతుకి మొదట్నుంచీ వివరంగా చెప్పుకొచ్చేవాడట. చెబుతుండగా తప్పు దానంతటదే బయటపడుతుంది. మాలో చాలామంది చేస్తారు. నవ్వకండి."

"నవ్వట్లేదు. నేను నా కారుతో మాట్లాడతాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒంటరివాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టడానికి పెద్ద సమయం పట్టదు.

విచారణ ముగించి నోరీన్ తన కంప్యూటర్ అతని వైపు తిప్పింది. "మీ మెయిల్ అడ్రసు కొట్టండి. వాంగ్మూలం పంపిస్తాను."

ఓవెన్ టకటకా కొట్టి, తెర చూసి నాలిక కరుచుకున్నాడు. అడ్రసు మధ్యలో @ గుర్తు ఉండాల్సిన చోట కొటేషన్ మార్కు పడింది. "చూశారా! వేల్స్ వదిలి ఇరవై ఏళ్లయినా చేతులు అక్కడి మీటలే వెతుకుతాయి. నాకొచ్చింది గానీ నా వేళ్లకింకా గ్రీన్ కార్డు రాలేదు."

నోరీన్ పకాలున నవ్వింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు. ఓవెన్ వంగి చూసుకుని, సరైన మీట వెతికి నొక్కాడు.

తలుపు దగ్గర ఆగి మాత్రం మెల్లగా అడిగాడు. "మేడమ్, ఒక్క సాయం. మీ మాట మీద ఫెర్రీని పంపిణీ చేసే కంపెనీవాళ్లు విడుదలలు, అంటే కొత్త మార్పులు బయటికి పంపడం, ఆపేశారు. ఎడ్విన్ ఆఖరున ఒప్పుకున్న మార్పు అందులో ఇరుక్కుపోయింది. అదొక లోపాన్ని సరిచేస్తుంది. ఆసుపత్రులవాళ్లు కాచుక్కూర్చున్నారు. ఇవాళ ఐదింటికి వదిలితే ఎక్కడికక్కడ యంత్రాలు వాటంతటవే తెచ్చుకుంటాయి. ఆయన చేసిన ఆఖరి పని మేడమ్. ఆయన పేరు మీద బయటికి పోనివ్వండి."

ఆ ఆపుదల పెట్టించింది నోరీనే. తీసేయాల్సిందీ ఆమే. కేసు తేలేదాకా ఆగమని చెప్పొచ్చు. కానీ ఎనిమిదేళ్లు ముఖం చూడని స్నేహితుడి కోసం ఇంతలా ఏడ్చిన మనిషికి ఆ మాత్రం చేయలేనా అనుకుంది. రెండు వాక్యాల అనుమతి రాసి, సంతకం పెట్టి, పంపించేసింది.

కారులో ఎడ్విన్ ఇంటి మలుపు తిరుగుతుండగా తెర కిచ్‌మంది. ఎవరో ముసలాయన మెట్ల మీద పడిపోయాడట. అంబులెన్సు బయల్దేరింది. పదకొండేళ్లుగా ఆమెతో రోజంతా మాట్లాడే ప్రాణి అదొక్కటే. "థాంక్స్, ఎడ్విన్," అంది తెరతో. దాని వెనక ఒక మనిషి ఉన్నాడని ఇన్నేళ్లూ ఆమెకు తట్టనే లేదు.

కారు దిగేసరికి నాలుగుంబావు దాటింది. రాష్ట్ర పోలీసు సైబర్ విభాగం సార్జెంట్ గ్రాంట్ విట్లాక్ అప్పటికే అక్కడ అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్నాడు. ముప్పై ఆరేళ్ల కుర్రాడు. తెలివిగలవాడే. వచ్చిన చిక్కల్లా, ఆ సంగతి అతనికి తెలియడమే.

"రండి మేడమ్. బీన్స్ మొలకలొచ్చాయేమో చూసుకుందురుగాని."

"నా బీన్స్ జోలికెళ్లకు నాయనా. ఆ బల్ల సామాను అప్పుడే కట్టెయ్యకు."

"ఐదింటికి ఫైలు మూసేస్తున్నా. జడ్జిగారి ముందు గిన్నె పెట్టి 'అయ్యా, ఇవి నానాయి గనక ఇది హత్య' అంటారా? నా పరువు కూడా పోతుంది."

"ఉన్నవాళ్లకి కదా పోయేది."

విట్లాక్ టేపు బల్ల మీద పడేశాడు. "వినండి. సోమవారం నేనే ఈ కుర్చీలో కూర్చున్నా. యంత్రం తెరిచే ఉంది. ఆయన ఉత్తరాలన్నీ నా అడ్రసుకి పంపుకున్నా. రెండు రాత్రులు కూర్చుని చదివా. అప్పుల్లేవు. ఆడమనిషి లేదు. పగవాడు లేడు."

"స్నేహితులు?"

"వాళ్లూ లేరు. అందుకే చచ్చిపోయాడు. ఇందులో పజిలేముంది?"

నోరీన్ బల్ల చూసింది. ఒకటే కుర్చీ. చేతులు ఆనించే చోట తోలు అరిగి బట్ట కనిపిస్తోంది. తెర పక్కన పసుపుపచ్చ రబ్బరు బాతు, మెడ దగ్గర రంగు పోయి, కుర్చీ వైపే ముఖం పెట్టి కూర్చుంది. దాని ముందు నల్లటి కీబోర్డు. మీటల మీద ఒక్క అక్షరమూ లేదు.

"ఏంటిది? చెరిగిపోయాయా?"

"చెరిగిపోలేదు. అలాంటివి కావాలని కొనుక్కుంటారు. వేళ్లకి దారి తెలిసినవాడికి అక్షరాలెందుకు? నేనూ చూడకుండానే కొడతా, నాకే ఇబ్బందీ లేదు. ఈ బోడి మీటలు మీలాంటి రెండు వేళ్ల టైపిస్టులకే గండం." ఫోన్ మోగడంతో విట్లాక్ వరండాలోకి వెళ్లాడు.

నోరీన్ వంటింట్లోకి నడిచింది. బీన్స్ ఉబ్బి, తొక్కలు విడిచి, పులిసిన వాసన కొడుతున్నాయి. ఒక్కడికి ఇన్నెందుకు నానబోశాడో అనిపించింది. పొయ్యి పక్కన పాత లాప్‌టాప్ ఉంది. మూత ఎత్తగానే తెరుచుకుంది. ఏదో బీన్స్ సూప్ ఎలా చేయాలో చెప్పే పేజీ. దీని మీద అక్షరాలు మామూలుగానే ఉన్నాయి. ఎన్ని గంటలు నానాలో వెతుకుదామని, రెండు చూపుడువేళ్లతో 'బీన్స్' అని ఇంగ్లిషులో ఒక్కో అక్షరమే చూసి కొట్టింది. బి నొక్కితే ఎక్స్ పడింది. ఇ నొక్కితే చుక్క పడింది. ఐదు అక్షరాల్లో ఎ ఒక్కటే సరిగ్గా వచ్చింది. చెరిపేసి మళ్లీ కొట్టింది. మళ్లీ అదే వరస.

పాడైపోయిందనుకుని మూత వేసేసింది.

చేయడానికి ఇంకేమీ కనబడలేదు. వచ్చి ఆ అరిగిన కుర్చీలో కూర్చుంది. ఇల్లంతా నిశ్శబ్దం. కప్పులు తగిలించే కొక్కేలు ఆరుంటే, ఒక్కదాని రంగే అరిగిపోయి ఉంది. ఈ ఇంట్లో ఇరవై ఏళ్లు ఒక మనిషి తిని, పడుకుని, లక్షలమందికి పనికొచ్చే వస్తువు చేసి పెట్టాడు. అతను ఉన్నాడని వాళ్లలో ఎవరికీ తెలియదు. తను రేపు పోతే కూడా ఉత్తరాలు తెచ్చే మనిషే ముందు చూస్తుంది. ఆ ఆలోచన ఆమెను కత్తిలా కోసింది.

బాతు ఆమెకేసే చూస్తోంది.

"సరే," అంది నోరీన్, వరండా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి. "చెబుతా విను. నవ్వితే మాత్రం వాగులో పారేస్తాను."

మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. "ఆదివారం మీవాడు బీన్స్ నానబోశాడు. సాయంత్రం స్నేహితుడి మార్పు చూసి 'బాగుంది' అన్నాడు. తర్వాత ఎవరో, మీవాడో ఇంకొకడో, కాఫీలో మాత్రలు కలిపారు. ఈ మీటల మీదే రెండు వాక్యాలు కొట్టారు. సోమవారం ఉత్తరాలామె చూసింది. మేమొచ్చాం. ఆ గడుగ్గాయి విట్లాక్ వచ్చాడు. ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. ఉత్తరాలు పంపుకున్నాడు. ఏ ఇబ్బందీ లేదన్నాడు. మొదటిసారే..."

నోరీన్ ఆగిపోయింది.

మొదటిసారే పనిచేసింది. ఎందుకు పనిచేసిందని ఎవరూ అడగలేదు.

"విట్లాక్!"

ఆ కేకకు అతను ఫోన్ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. నోరీన్ అతన్ని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి, లాప్‌టాప్ తెరిచి, బి మీట నొక్కి చూపించింది. "బి కొడితే ఎక్స్ వస్తోంది. ఏంటి దీని జబ్బు?"

విట్లాక్ పెదవి విరిచాడు. "జబ్బు కాదు మేడమ్, పిచ్చి. డ్వోరాక్ అని వేరే అమరిక. మీట మీద అచ్చయిన అక్షరం ఒకటి, లోపల పలికేది ఇంకొకటి. ఎక్కువ వాడే అక్షరాలన్నీ వేళ్ల కిందే ఉంటాయని కొంతమంది కష్టపడి నేర్చుకుంటారు. ప్రోగ్రామర్లలో ఇలాంటి వింత మనుషులుంటారు."

"అంటే ఎడ్విన్ వేళ్లకి ఈ అమరికే అలవాటు."

"అవును మరి."

"వంటింట్లో ఒక అమరిక, బల్ల దగ్గర ఇంకో అమరిక పెట్టుకుంటాడా?"

"అబ్బే. ఎవడూ పెట్టుకోడు. ఒకసారి వేళ్లకి పట్టుబడ్డాక ఎక్కడైనా అదే పెట్టుకుంటాడు. రెండూ కలిపితే చెయ్యి తికమక..." విట్లాక్ చూపు గుమ్మంలోంచి బల్ల వైపు తిరిగింది.

"చెప్పు సార్జెంట్. సోమవారం ఆ బల్ల దగ్గర నువ్వు కొట్టింది కొట్టినట్టు ఎలా పడింది?"

అతని ముఖంలో రంగు దిగిపోయింది. రెండంగల్లో బల్ల దగ్గరికెళ్లి, తన పేరు కొట్టి చూశాడు. చక్కగా పడింది. అతను ఎవరో చెంప మీద కొట్టినట్టు నిలబడ్డాడు. "ఎవరో మార్చారు. ఎడ్విన్ అమరికలో వాడికి కొట్టడం రాదు. తనకి అలవాటైంది పెట్టుకున్నాడు. ఆ రెండు వాక్యాలూ కొట్టాడు. తిరిగి పెట్టడం మర్చిపోయాడు." గొంతు తగ్గింది. "నేను... సరిగ్గా పడుతోంది కదా అని..."

"పనిచేస్తే ఎవడూ అడగడట. నీ ఒక్కడి తప్పు కాదు."

అంతటితో ఊరుకోకుండా విట్లాక్ తల గీరుకున్నాడు. గర్వం ఉన్నా, నిజాయితీ గల మనిషే. "ఒక్కటి మాత్రం సరిగ్గా పడలేదు. ఇప్పుడు గుర్తొస్తోంది. నా మెయిల్ అడ్రసు కొడుతుంటే @ గుర్తు రాలేదు. దాని బదులు..." అతను రెండు మీటలు కలిపి నొక్కాడు.

తెర మీద కొటేషన్ మార్కు పడింది.

"పాత కీబోర్డు కదా, అరిగిందనుకున్నా. వెతికితే @ ఇంకో మీట మీద దొరికింది. ఇది మన అమెరికా అమరిక కాదు మేడమ్. ఆ రెండు గుర్తులూ ఇలా తారుమారయ్యేది బ్రిటన్‌వాళ్ల అమరికలో."

నోరీన్ చెవుల్లో తన నవ్వే మోగింది. పగలు విచారణ గదిలో పకాలున నవ్విన నవ్వు. వేల్స్ ఉన్నది బ్రిటన్‌లోనే. నా వేళ్లకింకా గ్రీన్ కార్డు రాలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ తనంతట తానే వచ్చి, ఆమె కళ్ల ముందే వేలిముద్రలు వేసి వెళ్లాడు. ఆమె చూసి నవ్వింది.

"ఓవెన్ ప్రిచర్డ్," అంది. "ఎప్పుడూ రాలేదన్నాడు. ముఖం కూడా చూడలేదన్నాడు. ఆదివారం సాయంత్రం 'బాగుంది' అన్నది ఎడ్విన్ కాదు. ఈ మీటల మీద తన రాతకి తనే ఆ మాట కొట్టుకున్నాడు."

విట్లాక్ అప్పటికే ఫోన్లో నంబరు నొక్కుతున్నాడు. "ఫెర్రీని పంపిణీ చేసే కంపెనీకి చేస్తున్నా. అయినా కంగారు లేదు, ఫెర్రీ మీద ఆపుదల ఉందిగా."

"లేదు."

"ఎవరు తీసేశారు?"

"నేనే."

అతను వెక్కిరిస్తాడనుకుంది. వెక్కిరించి ఉంటే బాగుండేది. అతను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. అవతల నుంచి, దయచేసి వేచి ఉండమంటూ ఏదో పాట వినిపిస్తోంది. గోడ గడియారంలో ఐదింటికి ఇంకా పావుగంట ఉంది.

నోరీన్ ఓవెన్‌కు ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఓవెన్, నేను నోరీన్‌ని. ఆ విడుదల ఒక్క గంట ఆపాలి. చిన్న కాగితం పని మిగిలిపోయింది."

ఎక్కడో కారు తోలుతున్నట్టు గాలి చప్పుడు వినిపిస్తోంది.

"మీరు ఆయనింట్లో ఉన్నారా?" అన్నాడు.

"ఉన్నాను."

"బాతు ఉందా అక్కడ?"

"ఉంది."

"చెప్పేశారన్నమాట దానికి." అతని గొంతులో భయం లేదు. అలసట ఉంది. "ఏది మర్చిపోయాను మేడమ్?"

అబద్ధం ఇక అనవసరమనిపించింది. "నీ వేళ్లకి గ్రీన్ కార్డు రాలేదు కదా. అది."

ఓవెన్ చిన్నగా ఊపిరి వదిలాడు. "ఎనిమిదేళ్లలో ఎడ్విన్ పట్టుకోని తప్పు ఒక్కటీ లేదు నాలో. ఇదీ పట్టుకునేవాడే."

"నిన్ను లోపలికి రానిచ్చాడా?"

"రానివ్వడమా! తలుపు తీసి, నేనెవరో చెప్పగానే అక్కడే నిలబడిపోయాడు. తర్వాత గట్టిగా కౌగిలించుకున్నాడు. ఇంట్లోకి మనిషొచ్చి ఎన్నేళ్లయిందోనన్నాడు. కప్పు దొరక్క బీరువాలన్నీ వెతికాడు. పొద్దున్నే సూప్ చేస్తా, ఉండిపో అన్నాడు. అప్పుడే వెళ్లి బీన్స్ నానబోశాడు మేడమ్. నాకోసం."

నోరీన్ కళ్లు మూసుకుంది. ఆ గిన్నె ఆత్మహత్య కాదని మాత్రమే చెప్పిందనుకుంది ఆమె. అది చెప్పింది వేరే. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఇంటికి ఒక చుట్టం వచ్చాడని చెప్పింది.

"ఒక్క మాట అనమన్నాను. 'బాగుంది' అని. బతిమాలాను. ఎదురుగా కూర్చుని, స్నేహితుడిగా బతిమాలాను. 'నీ రాతలో నాకర్థం కాని ముక్క ఉంది, అర్థం కానిదాన్ని బాగుందని ఎలా అనను' అన్నాడు. ఆ ముక్క నేను రాయలేదు. నాకూ సగమే అర్థమైంది. ఇచ్చినవాళ్లు అడగొద్దన్నారు."

"ఎవరు వాళ్లు? ఏముంది అందులో? ఓవెన్, అంబులెన్సులు దాని మీద నడుస్తాయని నువ్వే చెప్పావు!"

"నేను ఇవాళ ఏడ్చింది మాత్రం అబద్ధం కాదు. మీకు తెలియాలని చెబుతున్నా."

"విడుదల ఆపు. ఇంకా టైముంది."

"ఐదింటిదాకా ఎందుకులే అని అరగంట ముందే వదిలేశాను." గాలి చప్పుడు పెరిగింది. "మొదటిసారే పనిచేసింది, నోరీన్."

లైన్ తెగిపోయింది.

విట్లాక్ చెవి దగ్గర ఆ పాట ఇంకా మోగుతూనే ఉంది. నోరీన్ అతనికేసి చూడకుండా బయటికి పరుగెత్తింది. కారు తలుపు తీసి, సీట్లో కూలబడి, తెర వైపు చూసింది. ఆఖరి కబురు ఇందాకటి ముసలాయనదే. మెట్ల మీద పడిపోయిన మనిషి. దాని కింద ఏమీ లేదు. ఈ కౌంటీలో సాయంత్రం పూట ఇంతసేపు ఎవరూ ఆపదలో పడకుండా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు.

రేడియో అందుకునేలోపే అందులోంచి కంట్రోల్ రూమ్ అమ్మాయి గొంతు పలికింది. రోజూ నిద్రమత్తుగా ఉండే ఆ గొంతు వణుకుతోంది. "అన్ని కార్లకీ... ఎవరికైనా తెర మీద ఏదైనా కనిపిస్తోందా? ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. అడ్రసులు ఎవరికీ చేరట్లేదు. అంబులెన్సులు ఎటు పోయాయో తెలీట్లేదు. ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను," అంది నోరీన్ రేడియోలో. "అడ్రసులు నోటితో చెప్పు తల్లీ. ఒక్కొక్కటీ చెప్పు. నేను రాసుకుంటాను."

రేడియో మీట వదిలి, చూపుడువేలితో తెర మీద మెల్లగా తట్టింది. "పలుకు," అంది.

పదకొండేళ్లలో మొదటిసారి అది పలకలేదు.